తొమ్మిది బోర్లు, ఒక గుర్రం

బెళుగుప్ప దగ్గర చీనీ (బత్తాయి) తోట. రేపు పొద్దున బోరు బండి రావాలి. మోటారు గది నీడలో తిమ్మప్ప కూర్చున్నాడు. బెంగుళూరు నుంచి వచ్చిన కొడుకు గిరి ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకొని ఆయన్ను ఒప్పించే తంటాలు పడుతున్నాడు.

"గుర్రం తోక పొడవు గూడ రాసినావేమప్పా దాంట్లో?"

"ఎగతాళి వద్దు నాయనా. మూడేండ్ల రేసులు ఎక్కిచ్చినా. ఏ గుర్రం ఎంతసేపట్లో పరిగెత్తింది, పైన కూచున్నోడు ఎవుడు, ఆ పొద్దు వాన పడిందా ల్యాదా, అన్నీ. అదే లెక్క కట్టి ఏ గుర్రం గెలుస్తాదో చెప్తాది. దీన్ని మాడల్ అంటారు."

"అంటే మన సుంకన్న మాదిరి."

"సుంకన్న యాడ, ఇది యాడ! ఆయప్ప అరచేతిలో టెంకాయ పెట్టుకొని పొలమంతా తిరుగుతాడు. టెంకాయ లేచి నిలబడితే ఆడ నీళ్లుండాయంటాడు."

"ఆయప్పది గూడ ముప్పై ఏండ్ల లెక్కేరా."

"ఆ లెక్క నమ్మే గదా తొమ్మిది బోర్లు ఏపిచ్చినావు! తొమ్మిదీ ఎండిపాయ."

"మధ్యలో నా బోర్లు ఎందుకు లేప్పా. నీ గుర్రం సంగతి చెప్పు."

"పది రేసులకు ఏడు కరెక్టుగా చెప్పింది."

"యా రేసులు? అయిపోయినవా, కావల్సినవా?"

"అయిపోయినవే... పాతవి పెట్టి పరీక్ష చేసినా."

"బోరు ఏసినంక నీళ్లు యాడ ల్యావో నేను గూడ చెప్తా."

"నాయనా, చెట్లు చూడు. ఆకులు ముడుచుకున్యాయి. ఇంకో నెల ఇట్లే ఉంటే అన్నీ పొయ్యిలోకే. పొట్టేళ్ళు అమ్మిన దుడ్లు ఒక్క బోరుకే వస్తాయి. అది ఎండిందంటే తోట పాయ. అవే దుడ్లు శనివారం ఈ గుర్రం మీద పెడితే నాలుగు బోర్లు ఏసుకోవచ్చు. నాలుగిట్లో ఒకదాంట్లోనన్నా నీళ్లు పడవా?"

"పేరేంది గుర్రానికి?"

"గోల్డెన్ గంగ."

"పేర్లో గంగ ఉంటే సాలదప్పా. మన తోట పేరు గూడ గంగమ్మ తోటే."

"పేరు చూసి కాదు నాయనా..."

"ఎంత దూరం రేసు?"

"పన్నెండు వందల మీటర్లు."

"గేటు?"

"ఏం గేటు?"

"అదే, యా గేటు నుంచి ఇడుస్తాండారు?"

"పదకొండు."

"పదకొండా! బయట పక్క. అది సుట్టు తిరిగి వచ్చేలోపల లోపలి గుర్రాలు పోనే పోతాయి. బరువెంత ఏసినారు?"

"యాభై తొమ్మిది కేజీలు."

"పోయిన తూరి గెలిచినప్పుడు?"

"యాభై మూడు... నాయనా, ఇవన్నీ నీకెట్ల తెలుసు?"

"ఏవన్నీ?"

"గేటు, బరువు. గెలిచిన గుర్రానికి మళ్లా తూరి బరువు ఎక్కువేస్తారని నాకే పోయిన నెల తెలిసె."

"ఎద్దుకైనా అంతే గదప్పా. బాగా లాగే ఎద్దు మీదనే బరువేస్తారు."

"ఎద్దుకు గేటు ఉండదు."

"టీవీలో చూసింటా. ఎండ ఎక్కువాయ, పా, ఇంటికి పోదాం."

"కూచో నాయనా. ఇంకోటి అడగల్ల. రేపు బండి యాడ నిలబెట్టల్లో చూద్దామని నిన్న తోటంతా తిరిగినా. పాత బోర్లు లెక్కపెట్టినా."

"ఎవురు లెక్కపెట్టమన్యారు?"

"ఏడే ఉండాయి."

"సరిగ్గా చూసిండవు. కొన్నిటి మీద రాళ్లు మూసినాము."

"రాళ్లు మూసినవి గూడ కలిపి ఏడు."

"ఒకటి... ఒకటి గట్టు అవతల ఉండాది."

"గట్టు అవతల సుంకన్న పొలం."

"అరవొద్దురా. మీ యమ్మ సంగటి తెస్తాంది."

"ఆ రెండు బోర్లు ఎప్పుడు ఏపిచ్చినావు?"

"నువ్వు నాలుగో తరగతిలో ఉండేటప్పుడు ఒకటి. మళ్లా ఏడాది ఇంకోటి. బండి మాట్లాడేకి మూడు దినాలు బెంగుళూరు పోయింటి. గ్యాపకం ల్యాదా? నీకు బూట్లు గూడ తెస్తి."

"బోరు బండ్లు కళ్యాణదుర్గంలోనే ఉండె గదా నాయనా."

"ఆ కాలంలో ఉండె... ల్యాకుండె... ఇప్పుడవన్నీ ఎందుకప్పా? అదిగో మీ యమ్మ వచ్చె. రా బయమ్మా, రా, నీడకు రా."

"ఏమి గుసగుసలు తండ్రీకొడుకులు?"

"ఏం ల్యాదే, బోర్ల గురించి."

"అమ్మా, నాయన మొత్తం ఎన్ని బోర్లు ఏపిచ్చినాడు?"

"ఈడ ఏడు. బెంగుళూరులో రెండు."

"బయమ్మా! నీకు... నీకెప్పుడు తెలిసె?"

"అంగీ ఉతికేటప్పుడు. జేబులో చీటీలు, చీటీల నిండా గుర్రాల పేర్లు."

"ఇన్నేండ్లు ఒక్క మాట అడగల్యా?"

"రెండోదాని తర్వాత నువ్వే బెంగుళూరు పేరు ఎత్తకుంటివి. వారం దినాలు సరిగ్గా అన్నం తినకుంటివి. ఇంక నేను అడిగేదేముండాది? రా గిరీ, ఆ పెట్టె మూసి చెయ్యి కడుక్కో."

"అమ్మా, ఒక్క శనివారం ఆగు. పొట్టేళ్ళ దుడ్లు..."

"ల్యావు. నువ్వు ఆ పెట్టె తీసుకొని బస్సు దిగిన పొద్దే బోరు బండాయన చేతిలో పెట్టేసినా."

"అది మాత్రం జూదం కాదా అమ్మా? నీళ్లు పడతాయని ఏం నమ్మకం?"

"జూదమేరా, ఎవురు కాదన్యారు? కానీ ఎండిపోతే గుంతన్నా మన పొలంలోనే ఉంటాది, నువ్వు లెక్కపెట్టుకునేకి."