మోటరు ఆపే ఎర్ర బటను

సిరుగుప్పలో ఒక రైసుమిల్లు, మోటరు గది. పదకొండింటికి పక్క మిల్లుల యజమానులందరి ముందూ సావుకారు తన ఫోన్లో బటను నొక్కి మోటరు ఆపి చూపిస్తాడు. ఆగిందా, ఆ మిల్లుల పనంతా యాప్ చేసిన నేత్రావతిదే. ఆగలేదా, ఆమె గాంధీనగర్‌లో ఇంట్లో కూర్చోవడమే. ఇంకా పావుగంట ఉంది. మోటరు చూసుకునే తాయప్ప తాపీగా ఆకూ వక్కా నములుతున్నాడు.

“తాయప్ప మామా, నా కొంప మునిగింది! ఆ బటను మోటర్ను ఆపదు!”

“బాగుండాది మాట. ఇరవై దినాల నుంచి ఆగుతాంది గదా పాపా. పొద్దున గూడ ఆగింది.”

“అదే నాకూ తెలీలేదు! ఈ పొద్దు కోడ్ తెరిచి చూస్తే తల తిరిగింది. రెడీమేడ్ బటన్ పెట్టుకోని ఉంటే ఈ గతి వచ్చేది కాదు. ఎర్రగా, గుండ్రంగా, జొన్నరొట్టె అంత ఉండల్ల అనె మీ సావుకారు. సొంతంగా గీసినా.”

“చూసేకి బాగుండాది.”

“బాగుంటే సరా? మనం గీసిన బటన్‌కి ఏమీ తెలీదు మామా. నొక్కితే ఏ పని జరగల్లో ఆ ఫంక్షన్ రాసి, మనమే దానికి తగిలియ్యల్ల. రెండు రాసినా. ఒకటి ఈడ బెల్లు కొట్టేది, ఇంకోటి మోటర్ ఆపేది. బెల్లుది తగిలించినా. మోటర్‌ది రాసి అట్లే వదిలేసినా.”

“మరిచిపోయినావా?”

“మా అమ్మతో ఫోన్లో కొట్లాడుకుంటా రాసింటా. అది సరే, మోటర్ యట్లా ఆగుతాంది? దయ్యం ఆపుతాందా?”

“దయ్యమేంది... నేనే ఆపుతాండా.”

“ఏందీ?”

“బెల్లు మోగుతాది. లోపల పడిన వడ్లు పోయేదంక చూసి, ఈ స్విచ్చు కిందికి గుంజుతా. ముప్పై ఏండ్లుగా అదే పని. ముందర సావుకారు ఆఫీసులో గంట కొడ్తాండె. ఇప్పుడు ఫోన్లో కొడ్తాండాడు.”

“అయ్యో దేవుడా! మల్ల నా యాప్ ఏమనుకున్నావు?”

“బెల్లు అనుకుంటి. ఒక బెల్లుకి ఇంజినీరింగ్ చదవల్లా అని... పాపం, మూడు నెల్లు కష్టపడిందే, ఏమన్నా అంటే నొచ్చుకుంటాదని సుమ్నే ఉంటి.”

“నవ్వొద్దు మామా.”

“నవ్వలేదు. వక్క అడ్డం పడింది.”

“ఒకటే లైను. ఇప్పుడే తగిలిస్తా. ల్యాప్‌టాప్ యాడ పెట్టినా... ఆఫీసులోనే—”

“బెల్లు మోగుతాంది.”

“అప్పుడే వచ్చేసినారా! మామా, నీ కాళ్ళకు మొక్కుతా, ఆపు!”

“అరవద్దు. వడ్లు పోనీ... పోనీ... ఆయ్తు. ఆగింది.”

“చప్పట్లు! మామా, చప్పట్లు కొడ్తాండారు! బతికించినావు! రేపొచ్చి నిదానంగా తగిలిస్తా. ఒక్క దినం ఓర్చుకో.”

“రేపు కాదు పాపా. ఈ పొద్దే తగిలించు.”

“తొందరేముండాది? నువ్వుండావు గదా.”

“ఫోనే ఆపుతాంది, రేపట్నుంచి నువ్వు రావద్దులే అని పొద్దున్నే నాతో అన్నాడు సావుకారు.”