తలుపులో తలుపు

కొత్త ప్రభుత్వ కార్యాలయం తెరిచిన నాలుగో రోజు. నుదురు బొప్పి కట్టిన అక్క ఇంట్లో కుర్చీలో కూర్చుని ఉంది. ఆ భవనానికి ప్లాను గీసిన తమ్ముడు తడిగుడ్డతో పక్కనే నిలబడ్డాడు.

“అబ్బా, మెల్లగా ఒత్తరా! అది నుదురు, నీ డ్రాయింగు బల్ల కాదు.”

“బాగా వాచిందక్కా. ఇంతకీ అర్జీ ఇచ్చావా?”

“ఎక్కడిచ్చాను? గుమ్మం ఠంగుమని తగిలేసరికి వరసలో వాళ్లంతా కిసుక్కున నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయి అట్నుంచి అటే వచ్చేశా. గడువు రేపటితో సరి. ఇవ్వకపోతే ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందే.”

“రేపు నేనిచ్చొస్తాలే. నువ్వు రావద్దు.”

“మనిషి స్వయంగా రావాలన్నార్రా. అయినా రావద్దంటావేం?”

“ఊరికే.”

“ఊరికే ఏంటి?”

“ఆ మెట్లూ అవీ... నీ మోకాళ్లు...”

“నా మోకాళ్లకేం, గుండ్రాళ్లలా ఉన్నాయి. ఒరే, అంతంత ఇత్తడి తలుపులు పెట్టి, వాటికి తాళం వేసి, మధ్యలో ఆ బుల్లి తలుపేంట్రా? మేస్త్రి కొలత తప్పాడా?”

“అయ్యుండొచ్చు.”

“ఎవడో గానీ చేతకాని వెధవ!”

“కొలత తప్పలేదక్కా. నాలుగడుగుల పదంగుళాలు. సరిగ్గానే ఉంది.”

“అంత కచ్చితంగా నీకెలా తెలుసు?”

“గీసింది నేనే.”

“ఆ తలుపు కూడానా?”

“ఆ తలుపు కూడా. లోపలికొచ్చే ప్రతివాడూ తల వంచే రావాలన్నారు పెద్దసారు. ముందున్న ఆ పెద్ద స్తంభాలూ అందుకే. ఏమీ మొయ్యవు, లోపలంతా డొల్ల. కింద నిలబడ్డవాడు తను చీమననుకోవాలి, అంతే.”

“నువ్వేమన్నావు?”

“ముందు ఆరున్నర అడుగులు గీసి తీసుకెళ్లా. కొట్టేశారు. అయిదు చాలన్నారు. నేను... నేను...”

“ఊఁ, చెప్పు.”

“ఇంకో రెండంగుళాలు తగ్గిస్తే ఇంకా బాగుంటుంది సార్ అన్నా.”

“ఆయన అడక్కుండానే?”

“అడక్కుండానే. మెప్పు కోసం. సిగ్గేస్తోందక్కా, నీ మొహం చూళ్లేకపోతున్నా.”

“అందరూ వంగే వెళ్లార్రా. నా ముందున్న ముసలాయన కూడా వంగాడు. నాకే తగిలింది.”

“నువ్వు చూసుకోలేదేమో...”

“చూస్తూనే ఉన్నా, పైకి. మా తమ్ముడు గీసిన బిల్డింగని వరసలో అందరికీ చెప్పుకుంటూ, తలెత్తుకుని వెళ్లాన్రా.”