వెనక్కి తిరిగిన యాక్సిల్

నా పేరు యలమందయ్య. తండ్రి పేరు వీరయ్య. వయసు నలభై మూడు. వృత్తి వ్యవసాయం. సొంతూరు నరసరావుపేట తాలూకాలోది. రాయచూరు జిల్లా సింధనూరు తాలూకాలో, గోరేబాళ దగ్గర మా ఆంధ్ర రైతులు కట్టుకున్న క్యాంపుకు వచ్చి పదమూడేళ్లయింది. కాలువ కింద వరి వేస్తాను. కన్నడం మాట్లాడగలను, అయినా ఈ సంగతి తెలుగులోనే చెబుతానంటే మేజిస్ట్రేటుగారు సరేనన్నారు. నన్ను ఎవరూ బెదిరించలేదు. బెదిరిస్తే ఇంతకంటే నమ్మదగ్గ కథే చెప్పేవాణ్ణి.

లాకప్పులో ఉన్న సూగప్ప చిక్కసూగూరు మనిషి. సింధనూరు బస్టాండు వెనక మెకానిక్కు షెడ్డు నడుపుతాడు. మా పికప్పుకు వెనక యాక్సిల్ తలకిందులుగా బిగించి, మా చెల్లెలి భర్త బాపయ్య చావుకు కారణమయ్యాడని అతని మీద కేసు. అతను తలకిందులుగా బిగించలేదు. నేను చెప్పవలసింది ఈ ఒక్క మాటే. తక్కినదంతా ఆ మాట ఎందుకంటున్నానో తెలియడానికి.

1969 వేసవిలో నేనూ బాపయ్యా కలిసి మిలిటరీ వాళ్లు వేలం వేసిన పాత పికప్పు కొన్నాం. ఇంజను బాగుంది, వెనక యాక్సిల్ విరిగిపోయింది. కోతల నాటికి ధాన్యం బస్తాలు బురదలోంచి రోడ్డెక్కించాలని మా ఆశ. సూగప్ప రెండు పాత యాక్సిళ్లు చూపించాడు. ఒకటి లారీది. నిదానంగా తిరుగుతుంది గాని ఎంత బరువైనా లాగుతుంది. దాన్ని మా బండికి ఎక్కించాలంటే కోసి, అతికించి, నానా తంటాలు పడాలి. రెండోది మా బండిలాంటి బండిదే. బోల్టుకి బోల్టు సరిపోతుంది. కిందటేడు మా క్యాంపు వంతెన దగ్గర కాలువలో పడిన పికప్పుది. దాన్ని నడిపిన గబ్బూరు అమరప్ప అందులోనే పోయాడు. కాలువకు నీళ్లు ఆపేదాకా బండి పైకి రాలేదు. అప్పుడు కూడా అమరప్ప చేతులు స్టీరింగు మీదే ఉన్నాయని తీసినవాళ్లు చెప్పారు.

"లారీదే ఏసుకోండ్రి సావ్కారీ" అన్నాడు సూగప్ప. "ఇంకోటి నీళ్లల్ల ఉన్నది."

"తుప్పు పట్టలేదు కదయ్యా?"

"నేను చెప్పేది తుప్పు మాట కాదు."

బాపయ్య కూడా లారీదే నయమన్నాడు. నాకు కోతల తొందర. రెండోదే కావాలని పట్టుబట్టాను. ఎంచుకున్నది నేనని విడిగా రాసుకోమని కోరుతున్నాను.

గబ్బూరు వైపు ఒక ఆచారం ఉందట. మనిషిని మింగిన బండి ఇనుమును ఇంకో బండికి వాడాలంటే, పోయినవాడి ఇంటిమనిషి వచ్చి దాని మీద చెంబెడు నీళ్లు పోసి "దిగు" అనాలి. సూగప్ప పట్టు విడవక అమరప్ప భార్య హనుమవ్వను పిలిపించాడు. ఆమె పట్టపగలు, ఎండ మాడుతుండగా చెంబు పట్టుకుని షెడ్డుకు వచ్చింది. యాక్సిల్ చెక్క దుంగల మీద ఉంది. ఆమె దాని చివర చక్రం తగిలించే డ్రమ్మును చేత్తో ముందుకు తిప్పి వదిలేసింది. అది ఆగింది. ఆగి, తనంతట తానే అర చుట్టు వెనక్కి వచ్చింది. అలా వెనక్కి లాగడానికి అందులో స్ప్రింగులాంటిదేమీ లేదు.

"మా ఆయన ఇంకా దిగలే" అన్నది హనుమవ్వ. "నేను దిగుమంటె దిగుతడు, అన్నా. దిగినంక యాడ దేవులాడుకోవాలె నేను? గీడ ఉన్నడని ఎరుకైంది. ఉండనీ."

నీళ్లు పోయకుండా చెంబు అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

నాకు చిరాకేసింది. మా వైపు బండికి ఏది చేయించినా ఇంటి ముత్తైదువ చేత చేయిస్తాం. అంతకు మించి పట్టింపు ఉండదు. అందుకని మా చెల్లెలు శివపార్వతిని పిలిపించాను. ఆమె నవ్వుతూ ఆ చెంబులో నీళ్లే యాక్సిల్ మీద పోసి, "దిగవయ్యా మహానుభావా" అన్నది. బాపయ్య కూడా నవ్వాడు. సూగప్ప నవ్వలేదు.

"గా మాట పోయినోని ఇంటోళ్లే అనాలె సావ్కారీ. పరాయి ఆడమనిషి అంటె, ఆమెను గా ఇంట్ల చేర్చినట్టే."

చాల్లేవయ్యా అన్నాను.

ఇక బిగింపు సంగతి. బురదకు బండి ఎత్తుగా ఉండాలి కాబట్టి కమాన్లు, అంటే బండి బరువు మోసే పట్టీ స్ప్రింగులు, యాక్సిల్ మీద కూర్చోవాలి. ఈ యాక్సిల్‌కు కమాన్లు కూర్చునే పీటలు కింది వైపు ఉన్నాయి. సూగప్ప వెల్డింగు సామానుకు రాయచూరు వెళ్లినప్పుడు నేనూ బాపయ్యా తెలివి ఉపయోగించాం. యాక్సిల్‌నే బోర్లా తిప్పేస్తే పీటలు పైకి వస్తాయి కదా అని అలాగే బిగించాం. మొదటి గేరు వేస్తే బండి వెనక్కి పోయి ఊకపొట్టులో దిగబడింది. క్యాంపంతా విరగబడి నవ్వింది. సూగప్ప వచ్చి, తలకిందులు చేస్తే లోపలి పళ్లచక్రం అవతలి పక్కకు పోయి చక్రాలు ఎదురు తిరుగుతాయని తిట్టి, మొత్తం విప్పి సరిగా తిప్పాడు. పై వైపు కొత్త పీటలు వెల్డింగు చేశాడు. కమాన్లు కొత్త పీటల మీద కూర్చున్నాయి. పాతవి ఖాళీగా కింద ఉండిపోయాయి. ఇది నేను దగ్గరుండి చూశాను.

ఆ తరువాత కోతలు మొదలయ్యాక బాపయ్య, నేను ధాన్యం వేసుకుని సింధనూరు రైసు మిల్లుకు పోయి వచ్చాం. అన్ని గేర్లూ ముందుకే పోయాయి. మిల్లు గుమాస్తా హంపయ్యను అడగవచ్చు. తిరిగి వచ్చాక, బాపయ్య చివరిసారి బయలుదేరేదాకా బండి మా వాకిట్లోనే ఉంది. యాక్సిల్ తిప్పాలంటే నలుగురు మనుషులు, ఒక పూట పని.

డిసెంబరు తొమ్మిదో తేదీ ఉదయం పదిన్నరకు బాపయ్య బస్తాలు వేసుకుని బయలుదేరాడు. నేను కాలువ కట్ట మీద ఉన్నాను. వంతెన ఎక్కే చోట బండి ఆగిపోయింది. బాపయ్య మళ్లీ ఇంజను స్టార్టు చేసి మొదటి గేరు వేశాడు. బండి వెనక్కి కదిలింది. ఎత్తు ఎక్కడం లేదనుకుని యాక్సిలరేటర్ తొక్కాడు. తొక్కేకొద్దీ ఇంకా వేగంగా వెనక్కి వచ్చింది. అతను ముందుకే చూస్తున్నాడు. ముందుకు పోతున్నవాడి చూపే అది. నేను అరిచాను. ఇంజను మోతలో వినపడలేదు. బండి కట్ట దాటి కాలువలో పడింది. నీళ్లలో మునిగేటప్పుడు కూడా ముందుకే చూస్తున్నాడు.

బండిని పైకి లాగాక పంచనామాకు నేను ఉన్నాను. కమాన్లు పాత పీటల మీద ఉన్నాయి. సూగప్ప వెల్డింగు చేసిన పీటలు కింద ఖాళీగా వేలాడుతున్నాయి. అంటే యాక్సిల్ మళ్లీ బోర్లా తిరిగి ఉంది. బోల్టులు బిగువుగా ఉన్నాయి, ఒక్కదాని మీద కూడా పానా పెట్టిన గీత లేదు. ఇప్పటికీ తలుచుకుంటే భయమే.

బాపయ్య పొరపాటున రివర్సు వేశాడని చెప్పు, సూగప్ప బయటపడతాడు అని క్యాంపు పెద్దలు సలహా ఇచ్చారు. చెబుదామనే అనుకున్నాను. మా చెల్లెలు విని, "మనిషి పోయింది చాలదా అన్నయ్యా? చేతకానివాడని కూడా అనిపిస్తావా?" అన్నది. అందుకని జరిగిందే చెబుతున్నాను.

యాక్సిల్‌ను సాక్ష్యం కింద ఊడదీసి స్టేషన్ ఆవరణలో దుంగల మీద పెట్టారు. మొన్న సోమవారం నేనూ మా చెల్లెలూ అక్కడ ఉండగా హనుమవ్వ వచ్చింది. డ్రమ్ము తిప్పి చూసింది. వెనక్కి వచ్చింది. ఈసారి ఆమె ఏడ్చింది. "ఇందుల ఉన్నది మా ఆయన కాదు, ఆయన దిగిపోయిండు" అని మా చెల్లెలి వైపు తిరిగి, "ఇంక దిగుమని నువ్వు అనాలె తల్లీ" అన్నది.

అప్పటి నుంచి మా చెల్లెలు రోజూ చెంబుతో నీళ్లు తీసుకుని స్టేషన్‌కు వెళుతున్నది. డ్రమ్మును ముందుకు తిప్పుతుంది. అది వెనక్కి వస్తుంది. అది చూసి నిండు చెంబుతోనే ఇంటికి వస్తుంది. కేసు తేలాక ఆ యాక్సిల్‌ను వేలం వేస్తారట. అప్పుడే ఎవరో వచ్చి కొలతలు తీసుకుపోయారు. బోల్టుకి బోల్టు సరిపోతుందని సంబరపడ్డారట. మా చెల్లెలు "దిగు" అనేదాకా దాన్ని ఎవరికీ ఇవ్వవద్దని నా మనవి. అనమని ఆమెకు నేను చెప్పలేను.

ఇందులో నేను కళ్లతో చూసిందీ చెవులతో విన్నదీ మాత్రమే ఉంది, కల్పించింది లేదు. నమ్మమని బతిమాలను. సూగప్ప చేతిలోంచి వచ్చిన రోజున యాక్సిల్ సరిగానే ఉందని మాత్రం రాసుకోండి. మొత్తం చదివి వినిపించారు. ఒక్కచోట దిద్దించాను. బాపయ్య పేరుకు ముందు "కీర్తిశేషులు" అని రాశారు. మా చెల్లెలు చెంబుతో బయట మెట్ల మీదే కూర్చుంది, వినపడుతుందని ఆ మాట కొట్టేయించాను.

(సంతకం) యలమందయ్య