తోడేళ్ళు భోంచేసి వచ్చాయి

“నువ్వు నన్ను చంపడం లేదమ్మాయ్. మీ అత్త కుర్చీలో కూర్చున్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఒక్కసారి కూడా చంపలేదు.”

(ఆదివారం మధ్యాహ్నం. భోజనాల బల్ల మీద ఇరవై ముఖాల పాచికలు, మధ్యలో అడ్డంగా నిలబెట్టిన అట్ట. ఇవతల లారీల మెకానిక్ మామగారు, ఆయన కొడుకు; అవతల కోడలు, చేతిలో సొరంగం పటం. ఆటలో మామగారు ఒక వీరుడు, కొడుకు ఒక మంత్రగాడు; వాళ్ళకి ఎదురయ్యే రాక్షసుల తరఫున పాచిక వేస్తూ ఆట కథ ఇదివరకు అత్తగారు నడిపేది. ఆవిడ పోయాక కోడలు నడుపుతోంది.)

“మామయ్యా, ఎవరైనా వింటే ఏమనుకుంటారు?”

“వినేవాళ్ళ సంగతి నాకెందుకు? జరిగింది చెబుతున్నాను.”

“నాన్నా, పక్కింటాయన కిటికీ తెరిచే ఉంది.”

“ఉండనీ. పిలువు, సాక్ష్యం చెబుతాడు. మొన్న రాక్షసుడు నా వీరుడు ఇనపముక్కు మీదికి గొడ్డలెత్తుకుని వచ్చాడు. నా కత్తి విరిగి చేతిలో పిడి మిగిలింది. ఏమైందమ్మాయ్?”

“కాలు జారి పడ్డాడు.”

“అంతకు ముందువాడు?”

“వాడికి తుమ్మొచ్చింది.”

“రాక్షసుడికి తుమ్ము. అదీ కొట్టబోతూ. మరి ఆ తోడేళ్ళు?”

“వాటికి ఆకలి లేదు మామయ్యా. అప్పటికే తిని ఉన్నాయి.”

“విన్నావురా? తోడేళ్ళు భోంచేసి వచ్చాయట. నన్ను ఓసారి చూసిపోదామని.”

“నాకు బాగానే ఉంది నాన్నా. నా మంత్రగాడు హాయిగా బతుకుతున్నాడు.”

“వాడు షికారుకొచ్చాడు. సొరంగంలో చెప్పుల్లేకుండా తిరుగుతున్నాడు, భయం లేక.”

“అయితే నన్నేం చెయ్యమంటారు? చెప్పండి, చేస్తాను.”

“మొదట ఆ అట్ట తియ్యి.”

“పటం కనిపిస్తుంది.”

“పటం ఒళ్ళో పెట్టుకో. పాచిక మాత్రం బల్ల మధ్యలో, అందరి కళ్ళ ముందూ వెయ్యి. అట్ట చాటున పద్దెనిమిది పడితే నువ్వు ఎనిమిది అంటున్నావు.”

“నేనా?”

“నువ్వే. అబద్ధం చెప్పేటప్పుడు నీ గొంతు మెత్తబడుతుంది. పళ్ళ డాక్టరువి కదా. ‘ఏం కాదండీ, చీమ కుట్టినట్టుంటుంది’ అంటావే, ఆ గొంతు. నా దవడపన్ను పీకినప్పుడు విన్నాను. అది చీమ కాదు.”

“ఆ పన్నుకి వేళ్ళు వంకర మామయ్యా.”

“ఆ వంకర సంగతి ముందే చెప్పాల్సింది. నేననేదీ అదే. ఆటలోనూ ముందే చెప్పు. ఈ గోడ ఎక్కితే పడొచ్చు, పడితే కాలు విరుగుతుంది అను. విన్నాక కూడా ఎక్కితే నా ఖర్మ. చెప్పకుండా చంపితే దొంగదెబ్బ. చెప్పి చంపకపోతే ఎగతాళి.”

“ఇంకా?”

“నూనె. ఈ సొరంగంలోకి దిగినప్పటి నుంచీ ఒకే దీపం వెలుగుతోంది. లారీకైనా డీజిల్ పోస్తాం. నూనె అయిపోవాలి. ముందుకా వెనక్కా అని వీడూ నేనూ పోట్లాడుకోవాలి.”

“రోజూ పోట్లాడుకుంటూనే ఉన్నాం కదా నాన్నా.”

“అది ఇంటి పోట్లాట. దానికి విలువ లేదు. ఇక గాయాలు. నీ కథలో ఒక్క నిద్ర తీస్తే కత్తిపోటు మాయం. నా భుజం మీద జాకీ జారితే వానాకాలమంతా చెయ్యి లేవలేదు.”

“తెలుసు. అన్నం నేనే కలిపి పెట్టాను.”

“ఆ సంగతి ఇప్పుడెందుకు? ఇంకోటి. నీ రాక్షసులు వట్టి మొద్దులు. నీ దగ్గరికొచ్చే పంటినొప్పి వాళ్ళలా వరసలో నిలబడి, పిలిచినప్పుడు లోపలికొచ్చి చస్తారు. బతకాలని వాళ్ళకీ ఉంటుంది. ఓడిపోతుంటే పారిపోవాలి. పోయి ఇంకో నలుగుర్ని వెంటేసుకు రావాలి.”

“సరే మామయ్యా. మరి ఇనపముక్కు పోతే?”

“పోతే పోతాడు.”

“అత్తయ్య పెట్టిన పేరు.”

“పేరు పెట్టిన మనిషే వాణ్ణి ఎలా చంపుదామా అని ఆదివారం ఆదివారం కాచుకుని కూర్చునేది. జాలి అన్నది లేదు. అలాంటి మనిషి చేతిలో బతికాడు గనక వాడు మొనగాడు. నువ్వు బతికిస్తే అందులో ఏముంది? ముసలాయన, పెళ్ళాం పోయింది, పాపం, తోడేళ్ళకి ముందే అన్నం పెట్టి పంపిద్దాం. అంతేగా?”

“అది కాదు మామయ్యా.”

“గొంతు.”

“సరే, అంతే. పాపం అనిపించింది.”

“ఆ, ఇప్పుడు మనిషిలా మాట్లాడావు. అట్ట తియ్యి.”

“తీశాను. ముందే చెబుతున్నాను, వినండి. ఎదుటి గదిలో రాక్షసి పడుకుని ఉంది. దాన్ని దాటితే బయటికి దారి. చప్పుడైతే లేస్తుంది. దాని పాచిక పదీ ఆపైన పడితే గద తగిలినట్టు. ఇరవై పడితే ఎంత ఊపిరి ఉన్నా ప్రాణం పోయినట్టే. దీపంలో నూనె అడుగంటింది.”

“నాన్నా, వెనక్కి పోదాం.”

“చూశావా అమ్మాయ్, వాడు చెప్పులేసుకున్నాడు.”

“నవ్వకండి. నా దగ్గర మంత్రం ఒక్కటే మిగిలింది.”

“నువ్వు గోడ వారన పో. నేను మధ్యలో నడుస్తాను. అది లేచినా ముందు నేనే కనిపిస్తాను.”

“ఇద్దరూ వెయ్యండి. పది దాటితే చప్పుడు లేనట్టు.”

“నాది పదిహేడు. హమ్మయ్య. నాన్నా?”

“మూడు.”

“మీ ఇనప చొక్కా గోడకి రాసుకుంది మామయ్యా. రాక్షసి లేచింది. కొడుతోంది. ఇదిగో, మీ ముందే వేస్తున్నాను. పద్నాలుగు. తగిలింది. మీకు ఊపిరి మూడే మిగిలింది. సున్నాకొస్తే అంతే.”

“అబ్బ. ఇదిరా ఆటంటే.”

“గాయం మానే మందు సీసా తాగండి నాన్నా.”

“ముందు నువ్వు గుమ్మం దాటు. నువ్వు దాటేదాకా నేను కదలను.”

“దాటాను.”

“ఇప్పుడు నేనూ పరిగెత్తుతున్నాను. అది వెనకనుంచి కొడుతుంది. వెయ్యమ్మాయ్.”

“చెయ్యి రావడం లేదు మామయ్యా.”

“మీ అత్తకి వచ్చింది. వంతెన మీద సంగతి గుర్తుందా? నీకు పెళ్ళైన కొత్త. ఎదురుగా రెండు తలల పాము, ఇనపముక్కుకి ఊపిరి ఒకటే. మీ అత్త పాచిక వేసింది, చూసింది, పళ్ళు కొరికింది. ‘నాలుగు. తప్పించుకున్నావు పో’ అంది. షెడ్డులో ఒక్కణ్ణి వదలకుండా చెప్పుకున్నాను ఆ నాలుగు గురించి.”

“గుర్తుంది. నేను అట్ట అవతల, అత్తయ్య పక్కనే కూర్చున్నాను.”

“అయితే చూశావు.”

“చూశాను మామయ్యా.”

“గొంతెందుకు మెత్తబడింది?”

“ఏం లేదు. వేస్తున్నాను.”

“ఆగు. ఆ రోజు ఎంత పడింది?”

“నాలుగు.”

“అమ్మాయ్.”

“వద్దు మామయ్యా.”

“నాన్నా, వదిలెయ్యండి. ఆట కానిద్దాం.”

“నీకూ తెలుసన్నమాట.”

“నేను మంచినీళ్ళు తెస్తాను.”

“కూర్చో. ఎంతమ్మాయ్?”

“ఇరవై. అత్తయ్య బల్ల కింద నా కాలు తొక్కింది. ఆ తర్వాతే పళ్ళు కొరికింది.”

“రాక్షసి గద ఎత్తి ఉంది. దాన్ని ఎంతసేపు అలా నిలబెడతావు? వెయ్యి.”

“పంతొమ్మిది.”

“తగిలింది. ఊపిరెంత?”

“లేదు మామయ్యా. ఇనపముక్కు పోయాడు.”

“పోయాడు. బాగా వేశావు. వచ్చేవారం కొత్తవాణ్ణి తయారు చేసుకుంటాను. విలుకాడైతే మేలు, దూరంగా నిలబడొచ్చు.”

“నాన్నా, కోపమొచ్చిందా?”

“కోపమెందుకురా? వాడు ఈ సొరంగంలో, పంతొమ్మిదికి పోయాడు. అందరం చూశాం. వంతెన మీద పడింది మాత్రం నాలుగే. మీ అమ్మ నాలుగు అంది, నేను విన్నాను. ఇకమీదట ఆ మాట ఈ ఇంట్లో ఎవరూ ఎత్తకండి. నేనూ ఎత్తను.”