బోర్డు మీద లేని పేరు

ఆటోనగర్‌లో కారు సీట్ల కవర్లు కుట్టే షాపు. కోడలు ఫోనులో యాడ్ లెక్క చూస్తోంది. పక్కనే అత్తగారు కూర్చున్నారు.

“నెట్‌లో పెట్టిన మన యాడ్‌ని రోజూ పొద్దున్నే ఎవరో నొక్కుతున్నారత్తయ్యా. ఫోన్ మాత్రం చెయ్యట్లేదు.”

“నేనేనమ్మా.”

“అయ్యో! నొక్కినప్పుడల్లా మన డబ్బులే కట్ అవుతాయండీ.”

“నాకేం తెలుసు? ‘మనోజ్ఞ సీట్ కవర్స్’ అని నీ పేరు కనిపిస్తుంటే చూసుకుంటున్నా.”

“షాపు నేను నడుపుతానంటే వద్దన్నది మీరేగా?”

“అన్నాను. నిన్న ఆ ట్రావెల్స్ ఆయన యాడ్ చూసొచ్చి, బళ్ళన్నిటికీ ఆర్డరిచ్చి, మనోజ్ఞగారెవరండీ అన్నాడు. మా కోడలేనని గట్టిగా చెప్పా.”

“సరే, ఇక మాత్రం నొక్కకండి.”

“మరెక్కడ చూసుకోను? బయట బోర్డు మీద ‘రామకోటేశ్వరరావు అండ్ సన్స్’ అనేగా ఉంది! పెయింటర్‌ని పిలువు. మీ మామగారికి నేను చెప్తా.”