పొట్టికాలి బల్ల

అట్టముక్క పెట్టకు తల్లీ ఆ కాలి కింద, ఉండు, ఒక్క నిమిషం ఉండు. పాత సామాన్ల కొట్టులో దొరికిందని ఎంత సంబరంగా మోసుకొచ్చావు! వింటేజ్ అంటావా, ఏదో ఒకటి అనుకో. ఎవడో తాగుబోతు చేసుంటాడంటున్నావే, ఆ తాగుబోతు మా బావ. నవ్వకు. మీ నాయనమ్మ మొగుడు కాదు, మా ఇద్దరికీ పెద్దక్క, ఆవిడ మొగుడు. నువ్వు పుట్టేనాటికే ఇద్దరూ లేరులే. బావ ఇనప మంచాలు చేసే కార్ఖానాలో డ్రాయింగులు గీసేవాడు. పెన్సిల్ చెవి మీద పెట్టుకునే నిద్రపోయేవాడంటే నమ్ము. పనివాళ్లతో రోజూ ఒకటే పాట: "గీసింది గీసినట్టు చెయ్యండిరా, మీ తెలివి ఇంట్లో పెట్టి రండి!" వాళ్లకీ అది జీర్ణించుకుపోయింది. అదే కొంప ముంచింది. చెబుతా, చెబుతా, తొందరెందుకు?

అక్క నడుము పడిపోయి మంచాన పడింది కదా. వాళ్లుండేది వరసగా ఉండే అద్దె గదుల్లో చివరిది, ఒకప్పుడు బట్టలుతికే గది. నీళ్లు పోవడానికి నేలంతా తలుపు వైపు వాలుగా ఉండేది. స్టూలు మీద గ్లాసు పెడితే జారి కిందకి. మంచినీళ్లు కూడా ఎవరో ఒకరు అందివ్వాల్సిందే. అక్కకి ఎంత రోషమో నీకు తెలీదు, దాహం వేసినా నోరు మూసుకుని పడుకునేది. బావ చూసి చూసి, మిగిలిన రేకు ఒకటి తెచ్చి, ఇదిగో, ఈ అంచు ఇలా పైకి మడిచి, మూడు గొట్టం కాళ్లు పెట్టాడు. నేల ఎత్తుగా ఉండే మంచం వైపు కాలు పొట్టి. కిటికీలకి వేయగా మిగిలిన నీలం రంగు పూశాడు. గ్లాసు పెడితే నీళ్లు కదల్లేదు! అక్క చెయ్యి చాపి తనే తీసుకుని తాగి, "ఏమండీ, ఇల్లు వంకర, నేను వంకర, ఇదొక్కటే తిన్నగా ఉందండీ" అంది. నేనక్కడే ఉన్నా. చాన్నాళ్లకి నవ్విందప్పుడు.

ఆ తర్వాత కార్ఖానా యజమాని పరామర్శకని వచ్చాడు. టీ గ్లాసు దాని మీద పెట్టి, "ఏమయ్యా, ఇంత ముద్దొచ్చే వస్తువు ఇంట్లో దాచుకున్నావే! నమూనాకి తీసుకెళ్తా, మళ్లీ పంపిస్తాలే" అన్నాడు. బావ "గీసిస్తానండీ" అన్నాడు పాపం. "కాగితం దేనికి, వస్తువే ఉంటే!" అని జీపులో వేయించాడు. ఆ వారమే అక్కకి జ్వరం ఎక్కువై బావ సెలవు పెట్టాడు. ఇంకేం, అక్కడ పనివాళ్లు కొలత తప్పకుండా, పొట్టి కాలు పొట్టిగానే, రాశులు పోసినట్టు చేసిపడేశారు. ఇదిగో, ఈ ఆకుపచ్చ రంగు కొట్టేవాడు నమూనాకి కూడా కొట్టేసి, అన్నిటితో కలిపి లారీ ఎక్కించాడు. సమంగా ఉన్న నేల మీద పెడితే ఏమవుతుంది, నువ్వే చూస్తున్నావుగా! తిట్లతో సహా తిరిగొచ్చాయి, యజమాని అన్నిటినీ పాత సామాన్ల కొట్లకి తూకానికి అమ్మేశాడు. బావ ఉద్యోగం ఊడింది. "పొట్టికాలు" అని పేరు కూడా పెట్టారు.

పేరు పోతే పోయింది. అక్క రోజూ "మన బల్ల వచ్చిందాండీ?" అనేది. "రేపొస్తుందే" అనేవాడు. గ్లాసు మళ్లీ నేల మీదకి చేరింది, చెయ్యి అందేది కాదు. అలా అడుగుతూ అడుగుతూనే పోయింది. తర్వాత బావ పాత సామాన్ల కొట్లన్నీ పట్టుకు తిరిగాడు. కనిపించిన ప్రతి బల్లనీ బోర్లించి, తాళంచెవితో గీకడం, ఆకుపచ్చ కింద నీలం ఉందేమోనని. "ఏయ్ పెద్దాయనా, కొంటావా, గీకుతావా!" అని తరిమేవాళ్లు. గీకిన ప్రతిదాని కిందా ఉత్త ఇనుమే. తన చేత్తో చేసినదాన్నే తను ఆనవాలు పట్టలేకపోయాడంటే ఆ మనిషి గతి ఏంటో చూడు. పోనీ ఆ గదిలో పెట్టి చూద్దామన్నా, అన్నీ అక్కడ తిన్నగానే నిలబడతాయి. ఆ గదీ లేదులే ఇప్పుడు, కూల్చేశారు.

ఏంటా చప్పుడు? బల్ల బోర్లించి తాళంచెవి తీశావా? ఆపు. ఆపు తల్లీ, గీకకు. ఇనుమే కనిపిస్తే, సరే, ఇదీ వాటిలో ఒకటి. నీలం కనిపిస్తే? ఎవరికి చూపించను?

తిప్పి నిలబెట్టు. అట్టముక్క పెట్టుకుంటావా, పెట్టుకో. ఇంకొంచెం మందంగా మడువు. ఆ... చాలు. ఆ కిటికీ ఎవరు తెరిచారు, దుమ్మంతా లోపలికొస్తోంది.