అద్దాల గదిలో ఆగిన చీర

సత్తెమ్మ వదినకు, నల్గొండ దిక్కు నుంచి వచ్చిన బంధువులకు, గచ్చిబౌలి ఆఫీసు నుంచి సెలవు పూట వచ్చిన పిల్లలకు, ఆ భవనం నిర్వహణ చూసే ఉదయ్ భాస్కర్ గారికి, మా గోపన్‌పల్లి వాళ్లకు నమస్కారం.

ఈ రోజు జూలై ఇరవై, ఆదివారం. తెల్లవారినప్పటి నుంచి ముసురు. పొద్దున్నే వచ్చి ఈ కమ్యూనిటీ హాలు ఊడ్చి కుర్చీలు వేశాను. అరవై చాలనుకున్నాను. మీలో సగం మంది గోడలకు ఆనుకుని నిలబడ్డారు. లింగయ్య అన్న పోయి పదకొండు రోజులు. ఇంతమంది ఆయనకు ఉన్నారని ఆయనకు తెలుసా? నాకైతే తెలియదు.

నా పేరు నర్సింహ. ఆ ఆఫీసులో వడ్రంగి పని నాది. పాత మగ్గాలు బాగుచెయ్యడం ఎవరూ నేర్పలేదు, విప్పి, మళ్లీ బిగించి నేర్చుకున్నాను. ఏ రోజు ఏ పని చేశానో తేదీ వేసి రాసుకుంటాను. అందుకే నేను చెప్పే తేదీలు తప్పవు. మాటలు తప్పితే మన్నించండి.

రెండువేల పంతొమ్మిది, ఆగస్టు తొమ్మిది. ఆఫీసు మూడో అంతస్తులో, లిఫ్టుల ఎదుట అద్దాల గదిలో పెట్టడానికి ఒక గుంట మగ్గం డీసీఎం బండిలో వచ్చింది. మగ్గం లింగన్న వాళ్లది. వానకు ఇల్లు కూలి, మగ్గానికి చోటు లేక అమ్మేశాడు. మగ్గం వెనకాలే ఆయనా అదే బండిలో కూర్చుని వచ్చాడు. బిగించి చూపించి రెండు రోజుల్లో వెళ్లిపోతానన్నాడు.

మగ్గం వయసు ఎంత అని మీరందరూ అడిగేవారు. కాగితం లేదు. కర్రే చెబుతుంది. అడ్డపోగును మోసుకుంటూ నాడె పరిగెత్తే పలకకు రెండు కాలాల గుర్తులున్నాయి. నాడెను చేత్తో విసిరిన రోజుల్లో వేళ్లు రాసుకుని అరిగిన గాడి ఒకటి. తర్వాత తాడు లాగితే నాడె కదిలేలా మార్చినప్పుడు కొట్టిన మేకుల తూట్లు మరొకటి. తాత వేళ్లు, తండ్రి మేకులు. వందేళ్లకు తక్కువ కాదు.

అది చూసి మురిసిపోయి, ఆ రాత్రే నేను ఒక తప్పు చేశాను. మీలో చాలామందికి తెలియదు.

పడుగు పోగులు దువ్వెన పళ్ల లాంటి అచ్చులోంచి వస్తాయి కదా. ఆ అచ్చులో జానెడు పొడవున పాత పోగులు వేలాడుతున్నాయి. మురికి పట్టి, నల్లగా. చెత్త అనుకున్నాను. బ్లేడుతో కోసేసి, అచ్చును కిరోసిన్‌తో కడిగి, ఎండబెట్టాను. పుస్తకంలో రాసుకున్నాను కూడా: అచ్చు శుభ్రం చేశాను.

పొద్దున లింగన్న వచ్చి చూశాడు. అరవలేదు. ఖాళీ అచ్చు మీద వేలు పెట్టి ఒక్క మాట అన్నాడు: "మంచిగనే కడిగినవ్ నర్సింహా. మా ముత్తాత పేరు గూడ కడిగినవ్."

మగ్గాన్ని ఎప్పుడూ ఖాళీ చెయ్యరట. చీర కోసినప్పుడు జానెడు పడుగు అచ్చులోనే వదులుతారు. కొత్త పడుగు పోగులను ఆ కొసలకే ఒక్కొక్కటిగా అతుకుతారు. తండ్రి పడుగు తాత పడుగుకు, కొడుకు పడుగు తండ్రి పడుగుకు. నాలుగు తరాలు తెగకుండా వచ్చిన దాన్ని, నేలలో గుంట తవ్వి ఎరగనివాణ్ణి, ఒక్క రాత్రిలో కోశాను.

నేత కులంలో పుట్టినవాడు ఈ తప్పు చెయ్యడు. పుస్తకం చదివి వచ్చినవాడూ చెయ్యడేమో. నాలాంటి చెయ్యి తిరిగిన అజ్ఞాని ఒక్కడే చేస్తాడు.

అచ్చులోంచి మళ్లీ ఎక్కించాల్సినవి రెండు వేల చిల్లర పోగులు. సత్తెమ్మ వదినను ఊరి నుంచి పిలిపించాడు. ఆమె వెనక కూర్చుని పోగు అందిస్తే, ఆయన కొక్కెంతో లాగాడు. తొమ్మిది రోజులు పట్టింది. కానీ మొదటి పోగు ఆయన లాగలేదు. కొక్కెం నా చేతిలో పెట్టి, "తెంపినోడివి నువ్వే, నువ్వే మొదలువెట్టు. ఇగ దీని తాతవు నువ్వే" అన్నాడు. వదిన నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ పోగు నా మెడకు పడిందనుకున్నాను.

రెండు రోజులకని వచ్చిన మనిషి. మగ్గం ఉంటే నేసే మనిషీ ఉండాలని ఆఫీసు వాళ్లన్నారు. మగ్గాన్ని వదిలి వెళ్లలేక ఆయన సరేనన్నాడు. ఇక్కడే కిరాయి గది తీసుకున్నాడు. ఆరేళ్లు!

మిత్రులారా, గుంట మగ్గానికి గుంట ఎందుకు? కాళ్లు పెట్టుకోవడానికే కాదు. నేల చెమ్మ పడుగుకు అందాలి. చెమ్మ ఉంటేనే పోగు తెగదు. మూడో అంతస్తులో నేల ఎక్కడిది? చెక్కతో ఎత్తు కట్టి, అందులో గుంట చేసి ఇచ్చాను. చెమ్మ ఎలా చేసి ఇవ్వను? పైన ఏసీ. గంటకు పది పోగులు తెగేవి. ఆయన గుంటలో తడి గోనె సంచులు పరిచాడు. వాసన వస్తోందని ఫిర్యాదు వచ్చింది. తీసెయ్యమన్నారు. తీసినవాణ్ణి నేనే. తర్వాత ఆయన తువ్వాల తడిపి పడుగు కింద ఆరేసేవాడు. వాష్‌రూంలో తడపవద్దన్నారు. అప్పుడేం చేశాడు? అరగంటకోసారి మూడు అంతస్తులు దిగి, తోట నల్లా దగ్గర తువ్వాల తడుపుకుని ఎక్కేవాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. నాతో మాత్రం, "ఫికర్ చెయ్యకు, ఈ బహానతోని జర ఆకాశం జూస్తున్న" అనేవాడు.

ఒకసారి నాడె మొన అరిగిందని ఇంటికి పట్టుకెళుతుంటే గేటు దగ్గర సంచి తనిఖీ చేశారు. రెండు పక్కలా ఇనుప మొనలు. "ఏంది తాతా, గీ కత్తి ఎవలి కోసం?" అని గార్డు. "ఎవల్నీ పొడవది బిడ్డా. అటు పోతది, ఇటు వస్తది, బయటికైతే పోదు. నా లెక్కనే" అన్నాడు. గేటు పాసు లేదని నాడెను నిజంగానే బయటికి పోనివ్వలేదు. లోపల ఉన్న ప్రతి కర్రకూ ఆస్తి నంబరు ఉంది. వాళ్ల తాత పలకకు కూడా.

ఈ సభ ఏర్పాటు చేసిన ప్రియదర్శిని అమ్మ ఒకరోజు అడిగింది, అద్దాల మధ్య ఒక్కడివే ఊపిరాడుతుందా తాతా అని. ఆయన ఏమన్నాడో ఆమే నాకు చెప్పింది. "అద్దానికి అటు మీరు, ఇటు నేను. ఎవలు లోపలున్నరో జర మంచిగ జూసి చెప్పు బిడ్డా." ఆ రోజు ఆమె పన్నెండు గంటలుగా ఆఫీసులోనే ఉందట.

ఇప్పుడు అసలు మాట.

ఆరేళ్లలో ఆయన నేసినవన్నీ వచ్చిన అతిథులకు పోయాయి. తన ఇంటికి ఒక్క చీర లేదు. ఈ ఏప్రిల్‌లో ఉదయ్ భాస్కర్ గారిని అడిగి, సొంత నూలు తెచ్చుకుని, వదిన కోసం చీర మొదలుపెట్టాడు. పసుపు రంగు, మిరపపండు అంచు. సాయంత్రాలు అరగంట ఎక్కువ కూర్చుని నేసేవాడు. సగం అయింది. మూడు గజాలు మిగిలి ఉన్నాయి. ఆ మనిషి మిగలలేదు.

ఆ చీరను అలాగే ఉంచి, గదికి తాళం వేసి, ఆయన ఫొటో పెట్టి, 'చివరి నేత' అని బోర్డు తగిలించాలని ఆఫీసులో నిర్ణయించారు. గౌరవంతోనే చేశారు. "శాశ్వతంగా ఉండిపోతుందండి, నర్సింహ గారూ" అన్నారు ఉదయ్ భాస్కర్ గారు. ఆయన కళ్లలో తడి చూశాను. నిన్న, శనివారం, ఆ బోర్డు బిగించిందీ నేనే. నాలుగు మరలు. పోగులు కోసింది నేను, గోనె సంచులు తీసింది నేను, బోర్డు బిగించింది నేను. నాకు ఎప్పుడూ కాదనడం చేతకాలేదు. కాదంటే లోపలికి రానిచ్చే పాసు పోతుంది, పాసు పోతే మగ్గం పోతుంది. ఆరేళ్లుగా ఇదే నా లెక్క.

నిన్న సాయంత్రం వదినను తీసుకెళ్లి చూపించాను. ఆమె అద్దం మీద చెయ్యి పెట్టింది. "సగం బట్టను మగ్గం మీద ఇడిసిపెడుతరా ఎవరన్న? గాయినెను లోపలనే ఉంచిన్రు. నా చీరనన్న ఇడిపియ్యి నర్సింహా" అంది.

అయ్యా, బిగించిన పడుగు ఏసీలో ఎండి ఒక్కో పోగే తెగుతుంది. ఏడాదిలో ఆ గదిలో ఉండేది జ్ఞాపకం కాదు, చింకి గుడ్డ. నేతగాడికి అది గౌరవమా?

గది తాళం చెవి నా జేబులో ఉంది. రేపు ఉదయం అప్పగించాలి. నేను అప్పగించను. రేపు పదింటికి ఆ గుంటలో కూర్చుంటాను. నాడెలో పెట్టే నూలు కండెలు వదిన చుట్టి ఇస్తానంది. నా నేత వంకరగా వస్తుంది, అంచు కుదరదు. పదిహేను రోజులు పడుతుంది. చీర కోసి వదిన చేతిలో పెడతాను. అచ్చులో జానెడు పడుగు వదులుతాను. ఆ తర్వాత తాళం, పాసు, రెండూ తీసుకోండి. ఆ కొసలకు ఎవరు అతుకుతారో నాకు తెలియదు. అతికేవాడు వస్తే అతకడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

ఉదయ్ భాస్కర్ గారూ, మీ పైన కూడా అధికారులున్నారని తెలుసు. మీరూ ఒక అద్దం వెనకే ఉన్నారు. అయినా మిమ్మల్నే అడుగుతున్నాను, ఇందరి ఎదుట. పదిహేను రోజులు. జవాబు ఇప్పుడే చెప్పకండి.

అందరం ఒకసారి లేచి నిలబడదాం. వదినా, నీకు మోకాళ్ల నొప్పులు, నువ్వు కూర్చో. ఫోన్లు ఆపండి. రెండు నిమిషాలు లింగన్న కోసం మౌనంగా ఉందాం. అది అయ్యాక ఎవరూ వెంటనే కూర్చోవద్దు. ఉదయ్ భాస్కర్ గారు మాట్లాడేదాకా నిలబడే ఉందాం.